మ్యాక్స్ సంఘం

మహిళా సమాఖ్యల వార్తల్లో తరచూ కనిపించే ఈ మాటకు తెలుగు రూపం పరస్పర సహాయ సహకార సంఘం. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం దీనికి ఆధారం. అంతకుముందు 1964 సహకార సంఘాల చట్టం కింద సర్కారు వాటా, దాంతోపాటు సర్కారు పెత్తనం ఉండేవి. పాలకవర్గాన్ని రద్దుచేసి అధికారిని కూర్చోబెట్టడం మామూలుగా ఉండేది. మ్యాక్స్ సంఘంలో ప్రభుత్వ వాటా ఉండదు. మూలధనం, ఎన్నిక, లాభనష్టాలు అన్నీ సభ్యులవే.

దీని సత్తా చూడాలంటే ములుకనూరు వెళ్లాలి. నాటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది. 1956 నుంచే అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు ఉంది. తర్వాత సహకార వికాస సమాఖ్య అనే సంస్థ తోడ్పాటుతో ఊరూరా మహిళల పొదుపు సంఘాలు వెలిశాయి. పొదుపుతో లెక్కలు, సమావేశాలు, బాధ్యతలు ఒంటబట్టిన ఆ ఆడవాళ్లే 2000లో మ్యాక్స్ చట్టం కింద స్వకృషి డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులు మహిళలే, పాలకవర్గమూ మహిళలదే. పాలలో వెన్న శాతాన్ని బట్టి ధర కడతారు, మిగులులోంచి బోనస్ పంచుతారు.

ములుకనూరు చెప్పే పాఠం ఇదే: మహిళలకు శిక్షణ, అప్పు ఇచ్చి ఊరుకుంటే చాలదు, సంస్థ వాళ్లదే కావాలి. ఆదిలాబాద్ గూడేల్లో ఇప్పపువ్వు ఏరే మహిళలకూ ఇలాంటి యాజమాన్యమే దక్కాలి.