మన ఆషాఢం పోయినా.. వాళ్ల ఆడి పోదు!

హోసూరులో ఇల్లు మారాలంటే రెండు క్యాలెండర్లు తలూపాల్సిందే

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లకు సొంతిళ్లు ఉండేవి కాబోలు.. ఇల్లు మారి చూడు అనే మాట తట్టలేదు. అందులోనూ హోసూరులో బాడిగ ఇల్లు మారాల్సి వచ్చి ఉంటే, మిగతా రెండూ ఎంత తేలికో తెలిసేది. ఇక్కడ మంచిరోజు కుదరాలంటే మన పంచాంగం ఒక్కటే ఒప్పుకుంటే చాలదు. ఓనరు ఇంటి గోడ మీది తమిళ క్యాలెండరు కూడా సరే అనాలి.

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వీధి భాషలే. పాలాయనతో ఒక భాష, కిరాణా కొట్లో ఇంకో భాష, పక్కింటావిడతో మూడో భాష మాట్లాడటం ఎవరికీ వింత కాదు. తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తోడు సిప్కాట్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవారు, పొద్దున్నే బెంగళూరు బస్సెక్కేవారు.. బాడిగ ఇళ్లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. మనుషులు మూడు భాషల్లో సర్దుకుపోతారు. నెలల దగ్గరే పేచీ.

చంద్రుడి లెక్క.. సూర్యుడి లెక్క

మనకూ కన్నడిగులకూ నెలలు చంద్రుడి లెక్క. అమావాస్యతో నెల ముగుస్తుంది. అందుకే ఉగాది ఇద్దరికీ ఒకే రోజు. తమిళులది సూర్యుడి లెక్క. సూర్యుడు కర్కాటక రాశిలో అడుగుపెట్టగానే వారికి ఆడి నెల. ఏటా జులై నడుమ వస్తుంది, ఆగస్టు నడుమ పోతుంది. మన ఆషాఢం అలా ఒకచోట నిలవదు. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఆషాఢంలో మనం ఇల్లు మారం. ఆడిలో వారు మారరు, మారనివ్వరు.

2024 సంగతే చూడండి. జులై 6న మొదలైన ఆషాఢం ఆగస్టు 4న పోయింది. హమ్మయ్య, శ్రావణం వచ్చిందని మనవాళ్లు మూటలు కట్టబోతే, ఓనరుకు ఆడి ఇంకా పన్నెండు రోజులు మిగిలే ఉంది. అంతకుముందు ఏడాది 2023 మరీ విచిత్రం. జూన్ 19న పట్టుకున్న ఆషాఢం జులై 17న వదిలింది. సరిగ్గా ఆ రోజే ఆడి పుట్టింది. మర్నాడు అధిక శ్రావణం మొదలైంది. రెండు లెక్కలకూ నచ్చే రోజు కోసం ఆగస్టు మూడో వారం దాకా కాచుకోవాల్సి వచ్చింది.

శీతాకాలంలో కథ తిరగబడుతుంది. ధనుర్మాసం దాకా ఇద్దరికీ గొడవ లేదు. మనకు నెలగంట, వారికి మార్గళి. ముగ్గులు, తిరుప్పావై ఉమ్మడి ఆస్తి. పొంగల్‌తో తై నెల వస్తుంది. తై పుడితే దారి పుడుతుందని తమిళుల సామెత. రేపే వచ్చేయమ్మా అంటాడు ఓనరు. ఇప్పుడు నీళ్లు నమలడం మనవాళ్ల వంతు. పుష్యం పోలేదు కదా! 2024లో పొంగల్ జనవరి 15నే అయిపోయినా, మాఘం రావడానికి ఫిబ్రవరి 10 దాకా ఆగాల్సి వచ్చింది.

మనకు భాద్రపదం పనికిరాదు, వారికి పురటాసి. వీటికి మూఢాలు, మంగళవారాలు కలపండి. మనం వర్జ్యం, దుర్ముహూర్తం చూస్తే వారు రాహుకాలం, ఎమగండం చూస్తారు. అన్నీ తీసేయగా మిగిలిన గంటన్నరలో లారీ దొరకాలి, ఫ్యాక్టరీలో సెలవు దొరకాలి, వాన రాకూడదు.

పదకొండు నెలల తిరకాసు

దీనికి అగ్రిమెంటు కూడా తోడవుతుంది. ఏడాదికి మించిన గడువుతో లీజు రాసుకుంటే రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి చట్టం చెబుతుంది. దాంతో పదకొండు నెలల అగ్రిమెంటు దేశమంతా అలవాటైంది. చట్టం రాసినవారు పంచాంగం చూసినట్టు లేదు. శ్రావణం మొదట్లో ముహూర్తం చూసుకుని, మామిడాకులు కట్టి, శాస్త్రోక్తంగా అడుగుపెట్టిన కుటుంబం వేళ్లు లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది.. గడువు తీరేది మామూలుగా ఆషాఢంలోనే!

ఆషాఢం వద్దన్న పెద్దలకూ కారణం లేకపోలేదు. వానలు పడేది, దుక్కులు దున్నేది అప్పుడే. సామాను మోయడానికి చెయ్యి ఖాళీ ఉండదు, పెట్టడానికి పొడి నేల దొరకదు. ఆడిలో వెతికి మరీ విత్తమని తమిళుల సామెత కూడా చెబుతుంది. ఇప్పుడు సామాను లారీ మోస్తుంది, నేలకు టైల్స్ వచ్చాయి. అయినా భయం పోలేదు. ఆ నెలలో బట్టల కొట్లు మాత్రం ఇటు ఆషాఢం తగ్గింపు, అటు ఆడి తళ్లుబడి అని బ్యానర్లు కట్టుకుంటాయి. మంచిరోజు కాదని చీర మానేసినవారు తక్కువే.

పేర్లు మూడు.. గిన్నె ఒకటే

చిక్కు ఉన్నచోట ఉపాయమూ ఉంటుంది. జ్యేష్ఠంలోనే ఒక మంచిరోజు చూసి దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం, నిండు బిందె కొత్తింట్లో పెట్టి పాలు పొంగించేస్తారు. దీపం వెలిగించి, తాళం వేసి వస్తారు. ఇక గృహప్రవేశం అయిపోయినట్టే. మంచాలు, బీరువాలు వీలున్నప్పుడు వస్తాయి. దేవుడు వెళ్లాక మంచానికి ముహూర్తం ఎందుకు?

ఈ ఉపాయానికి ఖర్చు ఉంది. ఆ నెల రెండు ఇళ్లకూ బాడిగ కట్టాలి. జీతం మీద బతికే ఇంట్లో అది చిన్న మాట కాదు. పిల్లల స్కూలు ఫీజులు కట్టేదీ అప్పుడే. పాలు ఎప్పుడైనా పొంగించుకోండి, బాడిగ మాత్రం సామాను వచ్చిన రోజు నుంచే ఇవ్వండి అనే ఓనరు దొరికితే, ఆ ఇంటికి వాస్తు చూడక్కర్లేదు.

అలా అనేవారు ఉండటానికి కారణం ఆ పాలగిన్నే. తమిళంలో పాల్ కాచ్చడం, కన్నడంలో హాలు ఉక్కిసోదు, మనకు పాలు పొంగించడం. నెలల దగ్గర ఒప్పుకోని మూడు భాషలూ పొయ్యి దగ్గర ఒక్కటవుతాయి. పాలు తూర్పుకు పొంగాయా, ఉత్తరానికా అని మూడు భాషల్లోనూ తొంగిచూస్తారు. అవి కారిన గ్యాస్ బర్నరు శుభ్రం చేసే ఇల్లాలి మొహం మాత్రం ఎవరూ చూడరు. ఏ వీధికి మారినా, మేడెక్కితే కొండ మీద చంద్రచూడేశ్వరుడి గుడికి దండం పెట్టుకుంటారు. చంద్రుణ్ణి తలపై పెట్టుకుని, సూర్యుడి లెక్క నడిచే గడ్డ మీద కొలువున్న స్వామికి ఈ తగువు కొత్తేం కాదు.

నల్ల నేరం చేశారా?

కొత్తగా వచ్చిన తెలుగువారిని హడలగొట్టేది తమిళుల రోజు చీటీ క్యాలెండరు. రోజుకో కాగితం చింపే ఈ క్యాలెండర్లో ప్రతిరోజూ నల్ల నేరం అని ఉంటుంది. రోజూ నేరమా, అదీ నల్లదా అని కంగారు పడాల్సిన పని లేదు. తమిళంలో ఆ మాటకు మంచి సమయం అని అర్థం.

హోసూరు పిల్లలకు ఈ చీటీ బాగా వచ్చు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. తెలుగు మాట్లాడుతూ తమిళం చదివే పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రాహుకాలం ఎప్పుడంటే ఠక్కున చెబుతారు. వర్జ్యం చూసి చెప్పమంటే మాత్రం నానమ్మ వంక చూస్తారు.

ముహూర్తం తప్పితే ఇంకోటి దొరుకుతుంది. తద్దినం తప్పితే దొరకదు. తాతగారి తద్దినం మన మాసం, పక్షం, తిథి ప్రకారం పెట్టాలి. తమిళుల లెక్క సూర్యమాసంలో వచ్చే తిథి. చీటీ చూసి పెడితే కొన్నేళ్లు నెల రోజులు తేడా వస్తుంది. ఇల్లు మారేటప్పుడు అటక మీది పాత పంచాంగాలు తూకానికి వేయొచ్చు, తప్పేం లేదు. వాటిని చదవడం వచ్చినవారు ఇంట్లో మిగలాలి, అంతే.

కొత్తింట్లో పెయింటు పాడవుతుందని ఒక్క మేకుకే అనుమతి ఇచ్చే ఓనర్లున్నారు. ఏ క్యాలెండరు తగిలించాలనే వాదన అక్కడ పుడుతుంది. చాలా ఇళ్లలో రెండూ ఆ ఒక్క మేకుకే వేలాడతాయి. పైన తమిళ చీటీ, వెనక తెలుగు పంచాంగం. పొద్దున్నే చీటీ చింపేది మనవడు. వెనకది పైకెత్తి తిథి చూసేది నానమ్మ. ఆ రెండోది కూడా మనవడికి నేర్పాలంటే ఏ నెలైనా మంచిదే. దానికి ఆషాఢం లేదు, ఆడి లేదు.