అక్షర ఆటల డేటాబేస్ పునరుద్ధరణ: పాఠపరిష్కరణ దృష్టి

కీలకపదాలు: టైనీమడ్, డేటాబేస్, పాఠాంతరం, గ్రంథపాతం, యూనికోడ్

1. ఉపోద్ఘాతం

బొమ్మలు లేకుండా కేవలం అక్షరాలతో, అనేకమంది ఒకేసారి ఆడుకునే కంప్యూటర్ ఆటలను ‘మడ్’లు అంటారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా వీటికి శ్రీకారం చుట్టారు. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్నెస్ రూపొందించిన టైనీమడ్‌లో ఆడేవారే గదులను, వస్తువులను నిర్మించి వాటికి వర్ణనలు రాశారు. అందువల్ల ఇటువంటి ఆట డేటాబేస్ బహుకర్తృకమైన గ్రంథం. అది చెడితే మరెక్కడా ప్రతి లేని రచన నశిస్తుంది. దాని పునరుద్ధరణకు తాళపత్ర గ్రంథ పరిష్కరణలోని క్రమశిక్షణే అవసరమని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. చెడే తీరు

టైనీమడ్ తరహా ఆటలో ప్రపంచమంతా కంప్యూటర్ మెమరీలో ఉంటుంది. సర్వర్ దాన్ని అప్పుడప్పుడు ఒక ఫైలుగా డిస్కుపై రాస్తుంది. ప్రతి గదికీ, వస్తువుకూ ఒక సంఖ్య ఉంటుంది. గది తనలోని మొదటి వస్తువు సంఖ్యను మాత్రమే చెబుతుంది. ఆ వస్తువు తన తరువాతి దాని సంఖ్యను చెబుతుంది. ఈ గొలుసులో ఒక్క సంఖ్య తప్పితే తరువాతి వస్తువులు కనబడకుండా పోతాయి. గొలుసు వెనుకకు తిరిగితే సర్వర్ అంతులేని ఆవృత్తిలో చిక్కుకుంటుంది. డిస్కు నిండినా, రాస్తుండగా విద్యుత్తు పోయినా ఫైలు మధ్యలో ఆగిపోతుంది. చివర ముగింపు గుర్తు లేని ఫైలు, ఆశ్వాసాంత గద్య లోపించిన ప్రతి వంటిది.

3. పునరుద్ధరణ క్రమం

మొదట సర్వర్‌ను ఆపాలి. లేకుంటే తరువాతి రాత మంచి ప్రతిని కూడా చెరిపివేయవచ్చు. చెడిన ఫైలును యథాతథంగా భద్రపరచి, దాని నకలుపైనే పనిచేయాలి. ముగింపు గుర్తు ఉన్న పాత ప్రతులలో అన్నిటికంటే కొత్తదాన్ని ఆధారప్రతిగా గ్రహించి, చెడిన ఫైలులో సరిగా ఉన్న రికార్డులను దానితో పోల్చాలి. సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో ప్రతులను పోల్చి, వేమన పద్యాలను 1829లో ప్రకటించిన పద్ధతి ఇక్కడ స్మరణీయం.

అయితే ఒక భేదముంది. ఆట ప్రతులన్నీ ఒకే మూలం నుండి వరుసగా పుట్టినవి. ఒకనాడు చొరబడిన దోషం తరువాతి ప్రతులన్నింటిలోనూ కొనసాగుతుంది. కనుక ఎక్కువ ప్రతుల ఏకాభిప్రాయం ప్రమాణం కాదు. దోషానికి ముందున్న ఒక్క ప్రతి చాలు. ఆడినవారు దాచుకున్న సంభాషణల ఫైళ్ళు మరొక ఆధారం. లుప్తకావ్యాల పద్యాలను లక్షణగ్రంథాలు నిలిపినట్లే, ఇవి పోయిన వర్ణనలను నిలుపుతాయి.

4. తెలుగు పాఠం

యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. అనకాపల్లి జిల్లాలోని ‘మాడుగుల’ పేరుతో ఒక గది ఉంటే, గుణింతపు గుర్తులతో కలిపి ఆ పేరుకు 7 సంకేతాలు, 21 బైట్లు. 20వ బైటు వద్ద ఫైలు తెగితే ‘మాడుగు’ నిలుస్తుంది. చివరి అక్షరానికి 2 బైట్లు మిగులుతాయి. అవి 64 స్థానాల పరిధిని సూచిస్తాయే గాని ‘ల’ అని నిర్ధారించవు. ఆ పూరణ ఊహాపాఠమే. పాత ప్రతి గాని, ఆ గదికి వచ్చే దారుల పేర్లు గాని దాన్ని బలపరచాలి. బైట్లు చెదరకుండా సంకేతపద్ధతి మాత్రమే మారితే పాఠాన్ని తిరిగి రాబట్టవచ్చు. అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారి భద్రమైతే, ఆ ఫైలు వరకు అది గ్రంథపాతమే.

5. ముగింపు

సర్వర్ మళ్ళీ నడవడంతో పునరుద్ధరణ పూర్తికాదు. ఏ రికార్డు ఏ ప్రతి నుండి వచ్చిందో, ఏది ఊహాపాఠమో నమోదు చేయాలి. గదిని కోల్పోయిన వస్తువులను తొలగించక, వేరొక గదిలో ఉంచాలి. లోపాన్ని లోపంగా చూపినప్పుడే తరువాతి పరిష్కర్తకు దాన్ని సరిదిద్దే అవకాశం ఉంటుంది.