కంకరలో బరువు మోసేది ఏ రాయి?

చాంద్రాయణగుట్టకు చేరువలో ఉన్న ఫలక్‌నుమా స్టేషనులో రైలు పట్టాల కింద కంకర పరచి ఉంటుంది. మన రైల్వేలు ఇందుకు సుమారు 20 నుంచి 65 మిల్లీమీటర్ల రాళ్లనే వాడుతాయి, సన్నపొడిని జల్లించివేస్తాయి. కారణమేమి?

రాళ్ల రాశిలో బరువు అన్ని రాళ్లకూ సమంగా చేరదు. రాయి రాయిని తాకిన చోటనే బలం ప్రసరిస్తుంది. 1957లో ఫ్రాన్సులో దాంతు అనే శాస్త్రజ్ఞుడు పారదర్శక కణాలను నొక్కి, ధ్రువిత కాంతిలో పరిశీలించాడు. కొన్ని కణాలు గొలుసులవలె వెలిగినవి. వాటి పక్కనున్నవి చీకటిగానే ఉన్నవి. ఆ గొలుసులే బలశృంఖలలు.

ఇక పెద్దవీ చిన్నవీ కలిస్తే ఏమవుతుంది? సమాన గుండ్లను పాత్రలో పోసి బాగా కుదిపితే స్థలంలో నూటికి 64 పాళ్లు నిండి, 36 పాళ్లు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలో అతి సన్నని గుండ్లు పోస్తే అక్కడా 64 శాతమే, అనగా 23 పాళ్లే నిండుతుంది. మొత్తం 87లో ఇది సుమారు 26 శాతం. అంతవరకు చిన్నవి సందులలో ఒదుగుతాయి. బరువును ముఖ్యంగా పెద్దవే మోస్తాయి. అది మించితే పెద్దవి ఎడమవుతాయి; బలం చిన్నవాటి గుండా పోవలసివస్తుంది. కంకర గుండ్రంగా ఉండదు గనుక ఈ అంకె కొంత మారవచ్చు, సూత్రం మారదు.

రైళ్ల ఒత్తిడికి కంకర అంచులు విరిగి పొడి అవుతుంది. ఆ పొడి పెరిగి వానకు బురదైతే పట్టాలు కుంగుతాయి. కనుకనే కంకరను అప్పుడప్పుడు తవ్వి జల్లిస్తారు.

ఒక గాజుగ్లాసులో గోలీలు, సన్న ఇసుక వేర్వేరు పాళ్లలో కలిపి చూడండి. గోలీలు ఎప్పుడు విడిపోతాయో మీకే తెలుస్తుంది.