మెదడువాపుకి టీకా వచ్చింది, డెంగ్యూకి ఇన్నేళ్లు ఎందుకు?

వానలు మొదలైతే చాలు, తిరుపతి రుయాలో, చిత్తూరు పెద్దాస్పత్రిలో జ్వరాల కేసులు పెరుగుతాయి. పిల్లాడికి ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే అమ్మీలకు కాళ్లూ చేతులూ ఆడవు. పోలియోకి చుక్కలున్నాయి, తట్టుకి సూది ఉంది, మరి డెంగ్యూకి? ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో దానిది లేదు.

దోమలు మోసే వైరస్‌కి టీకా చేయడం కుదరని పనేం కాదు. మెదడువాపు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) సంగతే చూడండి. మన దేశంలో ఈ జబ్బు కేసుల్ని మొదట 1955లో గుర్తించింది చిత్తూరు పక్కనున్న వెల్లూరులోనే. మొదట్లో దీని టీకాను ఎలుక మెదడులో వైరస్‌ను పెంచి తయారుచేసేవారు. తర్వాత కోలార్ రోగి నుంచి తీసిన వైరస్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ భద్రపరిచింది. కోలార్ అంటే ఎక్కడో కాదు, పలమనేరు దాటి వెళ్తే తగిలే జిల్లానే. ఆ వైరస్‌తోనే హైదరాబాద్ భారత్ బయోటెక్ 2013లో 'జెన్‌వ్యాక్' తెచ్చింది. వైరస్‌ను ల్యాబ్‌లో కణాల మీద పెంచి, చంపేసి, సూదిలో ఇస్తారు. చచ్చిన వైరస్ జబ్బు తేలేదు. కానీ దాన్ని గుర్తుపట్టి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది.

డెంగ్యూ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. డెంగ్యూ వైరస్ ఒకటి కాదు, 4 రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి చాలాకాలం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని ఆపలేవు సరికదా, కణాల్లోకి వెళ్లడానికి సాయం చేయొచ్చు. రెండోసారి డెంగ్యూ కొందరికి ప్రాణం మీదికి రావడానికి ఇదొక కారణం. అంటే సగం సగం పనిచేసే టీకా కొందరికి అసలు లేకపోవడం కన్నా ప్రమాదం కావచ్చు.

ఇది ఉత్త భయం కాదు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 'డెంగ్‌వాక్సియా' అనే టీకాను 8 లక్షలకు పైగా పిల్లలకు వేశారు. అంతకుముందు డెంగ్యూ రాని పిల్లలకు టీకా తర్వాత సోకితే జబ్బు తీవ్రం కావచ్చని 2017 నవంబర్‌లో కంపెనీయే చెప్పింది. కార్యక్రమం ఆగిపోయింది. ఆ దేశంలో జనం తట్టు టీకాను కూడా నమ్మని పరిస్థితి వచ్చింది.

అందుకే పరీక్షలు ఇంత సాగుతాయి. మొదట కొన్ని పదుల మందికి వేసి ప్రమాదం లేదని చూస్తారు, తర్వాత వందల మందికి, ఆఖరికి వేల మందికి. చివరి దశలో కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్త సూది. ఎవరికి ఏది వేశారో వాళ్లకీ తెలియదు, వేసిన డాక్టర్‌కీ తెలియదు. ఎవరినీ కావాలని దోమలతో కుట్టించరు. మామూలుగా బతకనిచ్చి, ఏ గుంపులో ఎంతమందికి డెంగ్యూ వచ్చిందో లెక్కేస్తారు. దానికి సీజన్లు గడవాలి, నాలుగు రకాలూ తిరగాలి. ఐసీఎంఆర్‌తో కలిసి పనాసియా బయోటెక్ 2024 ఆగస్టు 14న రోహ్‌తక్‌లో ఇలాంటి ట్రయల్ మొదలుపెట్టింది. 10 వేలకు పైగా పెద్దవాళ్లు, రెండేళ్ల పరిశీలన అన్నది ప్లాన్. జపాన్ కంపెనీ టకేడా డెంగ్యూ టీకాను తయారుచేయడానికి హైదరాబాద్ బయోలాజికల్ ఇ కూడా 2024లోనే ఒప్పందం చేసుకుంది.

'మన పేదోళ్ల మీదే ప్రయోగాలు' అనే మాట ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో క్యాన్సర్ నివారణ టీకా ప్రాజెక్టులో గిరిజన బాలికల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి విచారణలో బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు 2019 నాటి రూల్స్ ప్రకారం ట్రయల్‌లో చేరేవాళ్లకి అర్థమయ్యే భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా, అంతా వివరించాకే సంతకం తీసుకోవాలి. మధ్యలో మానుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా ఇవ్వాలి. ఆ కాగితం కాపీ ఒకటి ఇంటికి అడిగి తెచ్చుకోవాలి.