గుండె లయ తప్పితే మాత్రా, తీగా?

1912లో ఒక డచ్చి వ్యాపారి గుండెదడతో వెంకెబాఖ్ అనే పేరుమోసిన వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. నాడి ఒక వరసంటూ లేకుండా కొట్టుకుంటోంది. దీన్ని ఆపే మందు తన దగ్గర లేదన్నాడు డాక్టరు. సరే, రేపు నాడి బాగుచేసుకునే వస్తానని చెప్పి వెళ్లాడు వ్యాపారి. అన్నట్టే మర్నాడు గడియారంలా కొట్టుకునే నాడితో వచ్చి కూర్చున్నాడు. అతను మింగింది ఒక గ్రాము క్వినైన్. ఆ మలేరియా మందు వేసుకున్నప్పుడల్లా దడ తగ్గుతోందని తనంతట తానే కనిపెట్టుకున్నాడు. ఏజెన్సీ జ్వరాలు చూసిన మన పాత తరానికి ఆ చేదు బాగా తెలుసు. క్వినైన్ లాగే సింకోనా బెరడు నుంచి వచ్చే క్వినిడిన్ 1918 నుంచి కొన్ని దశాబ్దాల పాటు లయ సరిచేసే మందుల్లో పెద్ద పేరుగా నిలిచింది.

*

మరో లయ మందు కథ కూడా మొక్కతోనే మొదలవుతుంది. ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క ఉంది, మన కొత్తిమీర కుటుంబానిదే. దాని సారం గుండెనొప్పికి పనికొస్తోందని గమనించాక, ఆ దారిన వెతుకుతూ 1961లో బెల్జియం వాళ్లు ఎమియోడరోన్ తయారుచేశారు. నొప్పి కోసం పుట్టి, లయ మందుగా స్థిరపడింది. దీని బరువులో మూడో వంతుకు పైగా అయోడినే. 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాములు ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు మాత్రమే. ఈ మాత్ర రాసిన డాక్టరు ప్రతి కొన్ని నెలలకూ థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయించమనేది ఊరికే కాదు. మానేసిన తర్వాత కూడా వారాలూ నెలలూ ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది. ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఎండ తగిలే చోట చర్మం నీలి బూడిదరంగుకు తిరుగుతుంది. బాగా పనిచేసే మందే. కానీ ముప్ఫై ఏళ్ల మనిషికి జీవితాంతం రాయడానికి ఏ డాక్టరు చెయ్యీ సులువుగా ఆడదు.

ఈసీజీ చక్కబడితే మనిషి కూడా చక్కబడినట్టేనా? కాదని 1989లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. గుండెపోటు వచ్చి, ఆ తర్వాత అదనపు బీట్లు పడుతున్నవాళ్లకు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులిచ్చారు. బీట్లు తగ్గాయి, మరణాలు పెరిగాయి. ఆ మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఫ్లెకైనైడ్ ఇప్పటికీ వాడుకలో ఉంది, కండరం దెబ్బతినని గుండెలకు. లయ మాత్ర రాసే ముందు ఎకో తీయించమనడం వెనక ఈ కథ ఉంది.

*

మాత్రల కథ అది. గుండెలోకి తీగ పంపి లయ సరిచేసే పద్ధతి ఒక ప్రమాదంలోంచి పుట్టింది. 1979లో ఫ్రెంచి వైద్యులు ఒక సంగతి రాశారు: గుండెలో తీగ ఉండగా బయటి నుంచి షాక్ ఇస్తే, తీగ తగిలిన చోట కరెంటు దారి పూర్తిగా తెగిపోయింది. అనుకోకుండా తెగేదాన్ని కావాలని తెంపితే? 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షైన్‌మన్ అనే వైద్యుడు అదే చేశాడు. తొడ దగ్గర సిర గుండా తీగ పంపి, పైగదుల నుంచి కిందిగదులకు వెళ్లే కరెంటు దారిని షాక్‌తో మూసేశాడు. రోగి ఆ తర్వాత పేస్‌మేకర్ మీద బతకాల్సిందే. ఇప్పుడు అలాంటి షాకులు లేవు. ఎక్కువగా రేడియో తరంగాల వేడితో కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే కాలుస్తారు, లేదా చలితో గడ్డకట్టిస్తారు. గడ్డకట్టించడంలో ఒక సౌకర్యం ఉంది: చలి కొద్దిగా పెట్టి చూసి, మంచి దారి దెబ్బతింటోందనిపిస్తే వెంటనే ఆపేయొచ్చు, కణాలు మళ్లీ తేరుకుంటాయి.

ఈ తీగ పద్ధతికి, అంటే అబ్లేషన్‌కు, వెళ్లేవాళ్లకు వింతగా తోచేది మరొకటి. దడ రాకుండా ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రల్ని చాలా సందర్భాల్లో కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరు పనిగట్టుకుని దడ రప్పిస్తారు. దొంగ బయటికి వస్తేనే కదా పట్టుకునేది!

*

మాత్రా, తీగా అన్న ప్రశ్నకు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ దడ? ఉన్నట్టుండి మొదలై, స్విచ్ వేసినట్టు ఆగిపోయే, ఎస్‌వీటీ అనే దడల్లో ఎక్కువ భాగం, గుండెలో అదనంగా ఉన్న ఒక చిన్న దారి చుట్టూ కరెంటు గిరగిరా తిరగడం వల్ల వచ్చేది. వాటిలో తరచుగా కనిపించే రకంలో అబ్లేషన్ నూటికి 95 మందికి పైగా పనిచేస్తుంది. మంచి దారి కూడా తెగి పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం ఒక శాతం లోపే. నా లెక్కలో ఇక్కడ తీగదే పైచేయి. ఏడాదికోసారి కాసేపు వచ్చిపోయే దడకు మాత్రం రెండూ అక్కర్లేకపోవచ్చు.

అలా వచ్చినప్పుడు పడక మీదే చేసే ఉపాయం ఉంది. సగం కూర్చున్న భంగిమలో, 10 మిల్లీలీటర్ల సిరంజి పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, మరొకరు కాళ్లు పైకెత్తి పట్టుకోవాలి. 2015లో బ్రిటన్ ఎమర్జెన్సీ వార్డుల్లో 428 మంది మీద చూశారు. కూర్చుని ఊదినవాళ్లలో 17 శాతానికి దడ ఆగితే, కాళ్లెత్తినవాళ్లలో 43 శాతానికి ఆగింది. ఖర్చు, ఒక సిరంజి. డాక్టరు ఒకసారి చూసి సరేనన్నాకే ఇంట్లో ప్రయత్నించాలి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే నేరుగా ఆస్పత్రికే.

బ్రిటన్ ప్రధానిగా ఉండగానే టోనీ బ్లెయిర్ అక్టోబర్ 2004లో అబ్లేషన్ చేయించుకున్నారు. కర్ణికల్లో, అంటే గుండె పైగదుల్లో, కంపనం ఉన్న జో బైడెన్ తీగ జోలికి పోకుండా రక్తం పలచబరిచే మాత్రతోనే అమెరికా అధ్యక్ష పదవి నడిపారు. ఇద్దరి డాక్టర్లూ తప్పు చేయలేదు. బైడెన్‌కు ఆ కంపనం బాధ పెట్టేది కాదు.

*

కర్ణికల కంపనం, అదే ఏఎఫ్, దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కుబడుతుంది. దాన్ని రగిలించే నిప్పురవ్వలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరల నోళ్ల దగ్గర పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం చూపించింది. అప్పటి నుంచీ ఆ నోళ్ల చుట్టూ గిరి గీయడమే ఏఎఫ్ అబ్లేషన్. 2019లో 2,204 మందితో వచ్చిన కబానా పరీక్ష, మరణం, పక్షవాతం లాంటి పెద్ద ఆపదలను కలిపి చూస్తే మాత్రలకూ తీగకూ స్పష్టమైన తేడా తేల్చలేకపోయింది. దడ తగ్గడంలో, రోజులు హాయిగా గడవడంలో తీగ ముందుంది. గుండె పంపింగ్ కూడా బలహీనపడినవాళ్లలో మాత్రం ఒక సంవత్సరం ముందు వచ్చిన మరో పరీక్ష మరణాలు కూడా తగ్గాయని చూపించింది.

ఇదంతా ప్రొసీజర్ చేయించుకున్నామన్న నమ్మకం మహిమేనేమో అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో 126 మందిలో కొందరికి నిజం అబ్లేషన్, కొందరికి ఉత్తుత్తి అబ్లేషన్ చేసి చూశారు. 2024లో ఫలితం వచ్చింది: నిజమైనదే గెలిచింది.

అబ్లేషన్ అయింది కదా, పలచబరిచే మందు మానేయొచ్చు అనుకునేవాళ్లు చాలామంది. ఆ మందు కొనసాగాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్, అంతకుముందు పక్షవాతం వచ్చిందా లాంటివి చూసి నిర్ణయిస్తారు. చిన్నప్పటి కీళ్లజ్వరంతో కవాటం సన్నబడి ఏఎఫ్ వచ్చినవాళ్లు మన దగ్గర ఇంకా కనిపిస్తారు. వాళ్లకు కొత్త మాత్రల్లో ఒకదాని కంటే పాత వార్ఫరిన్ తరహావే మేలని 2022లో ఇన్‌విక్టస్ పరీక్ష చెప్పింది. అవి వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. ఈ వారం రోజూ తోటకూర, వచ్చే వారం ఒక్క ఆకూ లేకుండా చేస్తేనే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ లెక్క ఎగిరిపడుతుంది.

*

మాత్రా తీగా రెండూ కాని జవాబు కూడా ఒక్కోసారి ఉంటుంది. మే 1991లో అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ జాగింగ్ చేస్తుండగా గుండె లయ తప్పింది. వెతికితే దొరికిన మూలం అతిగా పనిచేస్తున్న థైరాయిడ్. విచిత్రమేమిటంటే ఆయన భార్య బార్బరాకూ అప్పటికే అదే థైరాయిడ్ జబ్బు ఉంది.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో లావుగా ఉన్న 355 మంది ఏఎఫ్ రోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. ఒంటి బరువులో పదో వంతు తగ్గి, ఆ తగ్గుదల నిలుపుకున్నవాళ్లలో 46 శాతం మంది మందూ తీగా లేకుండానే దడకు దూరంగా ఉన్నారని 2015లో ప్రకటించారు. ఈ మాట విన్నాక తీగకు సిద్ధపడినవాళ్లను కూడా డాక్టర్లు ముందు నడక, నిద్రలో గురక గురించే అడుగుతున్నారు.