లినక్సునకు తగిన ల్యాప్‌టాప్‌ను ఎన్నుకొను విధము

పదవ తరగతి ముగించి పై చదువులకు పోవు మన విద్యార్థులకు ల్యాప్‌టాప్ కంప్యూటరు నేడు పలకాబలపముల వంటిదైనది. అయితే పలక విరిగినచో మరియొకటి కొనుట సులభము. ల్యాప్‌టాప్‌ను మాత్రము గుంటూరు, ప్రకాశము మండలములందలి పెక్కు కుటుంబములు పత్తియో మిరపయో అమ్మగా వచ్చిన సొమ్ముతో కొనవలసియున్నవి. ఆ సొమ్ము వ్యర్థము గాకుండుటకు, లినక్సుతో చక్కగా పనిచేయు యంత్రమును ఎన్నుకొను విధమును ఇచట వివరించెదను.

కంప్యూటరునందలి అంగముల నన్నిటిని నడిపించు మూలవ్యవస్థ యొకటి ఉండవలెను. విండోస్ అట్టి వ్యవస్థయే. లినక్సును 1991వ సంవత్సరమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దీనిని ఎవరైనను వెల యీయక పొందవచ్చును, పరులకు పంచవచ్చును, తమకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలు దీనిమీదనే కంప్యూటరు పాఠములు నేర్చుచున్నారు. మన తెలుగు దేశమున 2005లో ఆరంభమైన స్వేచ్ఛ యను సంస్థ ఇట్టి వ్యవస్థను తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడినది.

లినక్సు ఉచితమైనను అన్ని యంత్రములందును సమముగ నడవదు. ఏలయనగా యంత్రమునందలి ప్రతి యంగమునకును, దానిని వ్యవస్థతో కలుపు డ్రైవరను చిన్న ప్రోగ్రాము ఉండవలెను. తయారుచేయువారు విండోస్‌కు తప్పక డ్రైవరు నిత్తురు. లినక్సునకు ఇచ్చువారు కొందరే. మిక్కిలి చిక్కు వచ్చునది వైఫై కార్డుతోనే. ఇంటెల్ వారి కార్డులు సాధారణముగ వెంటనే పనిచేయును. బ్రాడ్‌కామ్ వారి కార్డులు కొన్నిటికి డ్రైవరును వేరుగ తెచ్చుకొనవలెను. దానిని తెచ్చుటకు ఇంటర్నెట్టు కావలెను, ఇంటర్నెట్టునకు వైఫై కావలెను! తాళపుచెవిని గదిలో పెట్టి తలుపు తాళము వేసినట్లే. అట్టి సమయమున సెల్‌ఫోనును కేబులుతో కలిపి, దాని ఇంటర్నెట్టును వాడుకొనుట యొక యుపాయము.

కావున అన్నిటికంటె క్రొత్తదే మేలైనదని తలపరాదు. ఈ నెలలో విడుదలయైన యంత్రములోని అంగములకు లినక్సులో డ్రైవర్లు ఇంకను చేరకపోవచ్చును. ఒకటి రెండేండ్ల క్రిందటి నమూనా, వెల తక్కువదైనను, మనకు మేలు. ఆటలకై ఎన్‌విడియా గ్రాఫిక్సు కార్డు నుంచిన యంత్రము విద్యార్థికి అనవసరమని నా యభిప్రాయము. అది బ్యాటరీని త్వరగా హరించును, డ్రైవరు చిక్కును తెచ్చును. ర్యామ్ 8 జీబీ ఉండి, ఎస్.ఎస్.డి. ఉన్నచో చాలును. ర్యామును తరువాత పెంచుకొనుటకు వీలున్నదా యని తప్పక అడుగవలెను. కొన్నిటియందు అది పలకకే అతికింపబడి యుండును. వెనుక మూత మరలు విప్పిన ఊడి వచ్చునదైనచో, పత్తిమిల్లుల దాపున నివసించువారు ఫ్యానులో చేరిన నూగును, దుమ్మును తుడిపించుకొనుట సులభము.

గుంటూరు మిర్చియార్డులో సరకు కొనువాడు బస్తాపై వ్రాతను చూచి ధర చెప్పడు. చేయి లోనికి పోనిచ్చి కాయను తీసి, రంగును తేమను పరీక్షించును. ల్యాప్‌టాప్ విషయమునను ఇట్లే చేయవచ్చును. ఉబుంటునో, లినక్సు మింటునో 8 జీబీ పెన్‌డ్రైవులో నెక్కించి అంగడికి తీసికొనిపోవలెను. యంత్రమును ఆరంభించునపుడు ఎఫ్12 వంటి మీటను నొక్కి (ఇది కంపెనీని బట్టి మారును) పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడుపవచ్చును. ఇన్‌స్టాల్ అను దానిని నొక్కనంతవరకు లోపలి విండోస్‌కు ఏ హానియు లేదు; ఈ మాట అంగడివానికి ముందుగనే చెప్పుట మంచిది. వైఫై కలియుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, కెమెరాలో ముఖము కనబడుచున్నదా, మూత మూసి తెరచినపుడు యంత్రము నిద్రనుండి లేచుచున్నదా యని చూడవలెను. కడపటిది చాలమంది మరచెదరు. వ్రేలిముద్రను గుర్తించు సాధనము పనిచేయకున్నను విచారింప నక్కరలేదు. క్రొత్త పెట్టెను విప్పనియ్యనిచో, ప్రదర్శనకుంచిన దానిని పరీక్షింపుడు. అయితే పేరొక్కటే చాలదు, పూర్తి మోడల్ సంఖ్య కలియవలెను. ఒకే పేరు గల యంత్రములలో వేర్వేరు వైఫై కార్డులు ఉండుట కలదు.

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము ముగిసినది. విండోస్ 11 నియమములకు సరిపడని పాత యంత్రములు అనేకము కంపెనీలనుండి అంగళ్లకు వచ్చుచున్నవి. వానిలో థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్ తరగతులవి లినక్సునకు మిక్కిలి అనుకూలములు. కాని వాని బ్యాటరీ అరిగియుండునని యెంచి, దాని వెలను కూడ లెక్కలో చేర్చుకొనవలెను. బయాస్‌కు పూర్వపు కంపెనీవారి పాస్‌వర్డు మిగిలియున్నచో అట్టి యంత్రమును ఎంత చౌకయైనను తీసికొనరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పవలసియున్నది. ఆటోక్యాడ్, ట్యాలీ వంటివి లినక్సునకై చేయబడినవి కావు. బిడ్డ చేరు కళాశాలలో అవి కావలసివచ్చునేమో ముందుగ విచారింపవలెను. కావలసినచో విండోస్‌ను ఉంచి, దాని ప్రక్కన లినక్సును చేర్చి, ఆరంభమున ఏది కావలెనో ఎన్నుకొనవచ్చును. అవసరము లేనివారు విండోస్ లేక అమ్మబడు యంత్రమును అడిగిన, వెల కొంత తగ్గును. తెలుగు వ్రాయుటకు వేరుగ ఏమియు కొన నక్కరలేదు. సెట్టింగులలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును చేర్చుకొనిన చాలును.