చిన్న నేరం – వైద్యవిద్యకు దారి

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూరు రాతిగుట్టల మధ్య ఒదిగి ఉన్న ఊరు. ఈనాడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో అద్దాల మేడల పక్కనే వసతి గృహాలు, శిక్షణ కేంద్రాలు వరుస తీరి ఉన్నాయి. పల్లెల నుండి, పాతబస్తీ నుండి వచ్చిన విద్యార్థులెందరో ఇరుకు గదులలో రేయింబవళ్ళు వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు చదువుతున్నారు. యౌవనం, స్వేచ్ఛ, చేతిలో మోటారు సైకిలు, దగ్గర పెద్దలు లేకపోవడం – ఈ నాలుగూ కలిసిన చోట పొరపాటు జరగడం వింత కాదు. ఆ పొరపాటు ఒకనాడు పోలీసు స్టేషను గడప తొక్కితే ఆ విద్యార్థి డాక్టరు కాగలడా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవలసిన అవసరం మనకు ఎంతైనా ఉన్నది.

గత సంవత్సరం ఒక విద్యార్థి మా వద్దకు వచ్చాడు. నీట్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు గాని ముఖంలో సంతోషం లేదు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో వసతి గృహం ముందు జరిగిన కొట్లాటలో అతని పేరు పోలీసులకు ఎక్కింది. బాలల న్యాయమండలి మందలించి పంపివేసింది. "సార్, నాకు సీటు ఇస్తారా?" అని అతడు అడిగినప్పుడు గొంతు వణికింది. ఎవరికీ చెప్పవద్దని తండ్రిగారు, డబ్బిస్తే రికార్డు తీయిస్తానని ఒక దళారి ఆ కుర్రవానికి సలహాలు చెప్పారట. ఆటో నడిపి కొడుకును చదివించిన ఆ తండ్రి దళారికి ఇవ్వడానికి అప్పు కూడా వెతుకుతున్నాడని తెలిసి మాకు మనసు కలుక్కుమన్నది. అప్పుడు మేము వకీళ్ళను అడిగి తెలుసుకున్న సంగతులనే ఇక్కడ విద్యార్థి సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

మొదట ప్రవేశ విధానం చూద్దాం. తెలంగాణలో వైద్య సీట్ల కేటాయింపును వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నీట్ ర్యాంకుల ఆధారంగా జరుపుతుంది. మైనారిటీ కళాశాలలకు కూడా నీట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. నీట్ అర్హత వయస్సుకు, చదివిన విషయాలకు, మార్కులకు సంబంధించినది. చిన్న కేసు ఉన్నంత మాత్రాన ర్యాంకు తరగదు.

రెండవది, కేసు వేరు, శిక్ష వేరు. ఎఫ్.ఐ.ఆర్. అనగా ఒక ఫిర్యాదు నమోదు కావడం మాత్రమే. న్యాయస్థానం దోషి అని నిర్ణయించే వరకు ఎవరూ దోషి కారు. చట్టం అనుమతించిన చిన్న కేసులలో ఇరుపక్షాలు రాజీ పడితే, ఆ రాజీకి చట్టరీత్యా నిర్దోషిగా విడుదలైనంత ఫలితం కలదు. కాని నేరం ఒప్పుకొని జరిమానా కట్టడం రాజీ కాదు, అది శిక్షే. మద్యం సేవించి బండి నడిపి పట్టుబడిన వారు అనేకులు జరిమానాతో వ్యవహారం ముగిసిందనుకొంటారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే మొదటి తప్పుకే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఒక్క రాత్రి సరదాకు ఇది ఎంత వెలయో ఆలోచించండి.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. నీట్ రాసేవారిలో అనేకులు 17, 18 ఏళ్ళవారు. అంటే వారు ఇంటర్మీడియట్ చదివే రోజులలో చేసిన తప్పు చట్టం దృష్టిలో బాల్యంలో చేసిన తప్పు. నేరం జరిగిన నాటి వయస్సే ఇక్కడ లెక్క. 2016 జనవరి నుండి అమలులో ఉన్న బాలల న్యాయచట్టంలోని 24వ సెక్షను ప్రకారం అటువంటి వారికి శిక్ష వలన కలిగే అనర్హత ఏదీ వర్తించదు. గడువు తీరిన పిదప రికార్డులను నాశనం చేయవలెను. 74వ సెక్షను ప్రకారం ముగిసిన కేసు వివరాలను ప్రవర్తన ధ్రువపత్రం కోసమైనా పోలీసులు వెల్లడించరాదు. అయితే 16 ఏళ్ళు నిండి, ఘోర నేరానికి పెద్దల వలె విచారింపబడి దోషులుగా తేలినవారికి ఈ మినహాయింపు లేదు. మన విద్యార్థికి ఊరట కలిగించినది ఈ చట్టమే. దళారి చేస్తానన్న పనిని చట్టమే ఉచితంగా చేసిపెట్టి ఉన్నది!

18 ఏళ్ళు దాటిన వారికి కూడ దారులు మూసుకొనిపోలేదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతోగాని సత్ప్రవర్తన హామీపై గాని విడుదలైన వారికి శిక్షకు అంటుకొన్న అనర్హత తొలగుతుంది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది.

అయితే ఒక నేరం విషయంలో చట్టం కఠినంగా ఉన్నది. అది ర్యాగింగు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం దోషిగా తేలి జైలుశిక్ష పడిన విద్యార్థిని కళాశాల నుండి తొలగించవలెను. శిక్ష 6 నెలలకు మించితే మరే విద్యాసంస్థలోను చేర్చుకొనరాదు. సరదా అనుకొన్నది చదువునే మింగివేయగలదు.

ఇక దాచడం మాట. 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగార్థి ఒకని విషయంలో సుప్రీంకోర్టు, యువకుల చిన్న తప్పిదాలను క్షమించాలనే దృష్టి చూపింది. 2016లో అవతార్ సింగ్ కేసులో, చిన్న వయస్సులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను దాచినా యజమాని తన విచక్షణతో మన్నించవచ్చునన్నది. ఇవి ఉద్యోగాలకు సంబంధించిన తీర్పులు. పైగా మన్నింపు ఎదుటివారి చేతిలోనిది. కనుక దరఖాస్తులో అడిగినది ఏమిటో అక్షరం అక్షరం చదవాలి. శిక్ష పడిందా అని అడగడం వేరు, అరెస్టు అయ్యారా అని అడగడం వేరు. అమెరికా వీసా దరఖాస్తు అరెస్టును గురించి కూడా అడుగుతుంది. క్షమాభిక్ష లభించినా చెప్పమంటుంది. పై చదువులకు విదేశాలకు పోగోరే వైద్య విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి. అడిగినదానికి నిజం చెప్పడం, తీర్పు నకలు భద్రపరచుకోవడం, సందేహమున్నచోట వకీలును సంప్రదించడం – ఇవే రక్ష. ఫీజు ఇచ్చుకోలేని వారికి, స్త్రీలకు, బాలలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది.

డాక్టరు అయిన తరువాత కూడా ఈ బాధ్యత తీరదు. వైద్యుల వృత్తి ప్రవర్తనను గురించిన 2002 నాటి నిబంధనలు నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడడాన్ని దుష్ప్రవర్తనగా పరిగణిస్తాయి. రోగి తన ప్రాణాన్ని నమ్మి అప్పగించేది వైద్యుని చేతికే గదా!

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ప్రవర్తన ధ్రువపత్రం రాసేటప్పుడు విద్యార్థి మన కళాశాలలో ఎట్లా మెలిగాడో చూడండి. వీధిలో విన్న మాటలను అందులోకి రానివ్వకండి. ఏటా ఒకసారి వకీలును పిలిపించి విద్యార్థులకు ఈ చట్టాలు చెప్పించండి. దళారి దుకాణం నడిచేది మన తెలియనితనం మీదనే.

ఆ విద్యార్థి ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరంలో ఉన్నాడు. మొన్న సెలవులలో వచ్చి, తండ్రి అప్పు చేయలేదని చెప్పాడు. మాకు అంతకన్న కావలసినదేమున్నది?